పిల్లల బేస్‌బాల్ లీగ్: దెబ్బలు, గొడవలు లేకుండా నడపడం ఎలా?

వేసవి సెలవులు దగ్గరపడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా కాలనీలో ఇరవైమంది పిల్లలున్నారు సార్, బేస్‌బాల్ మొదలుపెడదామనుకుంటున్నాం. దెబ్బలు తగులుతాయంట కదా?" ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఒకరు, మధురవాడ నుంచి ఇంకొకరు. ఒక్కొక్కరికీ చెప్పి గొంతు పోతోంది కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నాను. ఆట నియమాల జోలికి పోను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఇది 12 ఏళ్ళ లోపు పిల్లల కోసం. పెద్ద పిల్లలకు మారేవి అక్కడక్కడ చెబుతాను.

ముందే ఒక మాట. మా గ్రౌండ్‌లో నేను చూసిన దెబ్బల్లో సగానికి పైగా క్రికెట్ అలవాటు వల్ల తగిలినవే. బ్యాటు ఎప్పుడూ పట్టని పిల్లకు నేర్పడం తేలిక. వీధి క్రికెట్‌లో ఆరితేరినవాడితోనే పని ఎక్కువ.

కావలసినవి

- బ్యాటింగ్ హెల్మెట్లు, రెండు చెవులూ కప్పేవి. బ్యాటర్‌కి ఒకటి, బేస్‌ల మీద (పరిగెత్తేవాళ్ళు ఆగే మూలలు) ఉన్న ముగ్గురికి మూడు, అంటే కనీసం నాలుగు. ఆరుంటే హాయి. క్రికెట్ హెల్మెట్‌తో సర్దుకుందామనుకోకండి, ఆ పని వేరు, ఈ పని వేరు.
- క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) సామాను: మాస్క్ ఉన్న హెల్మెట్, గొంతుకి అడ్డంగా వేలాడే గార్డ్, ఛాతీ ప్యాడ్, మోకాలి నుంచి పాదం దాకా లెగ్ గార్డ్, మగపిల్లలకు అబ్డామెన్ గార్డ్. చివరిది కొనడానికి సిగ్గుపడే నాన్నలు ఉన్నారు. మొహమాటం లేకుండా అడగండి.
- గ్లౌజులు, బ్యాట్లు. విశాఖలో స్పోర్ట్స్ షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. మన దేశంలో క్రీడా సామాను ఎక్కువగా మీరట్, జలంధర్‌లలో తయారవుతుంది.
- ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకు మెత్తటి సేఫ్టీ బంతులు. గట్టి బంతి తరవాత.
- నేలమీద జారని రబ్బరు బేస్‌లు. మొదటి బేస్ దగ్గర తెలుపు, నారింజ రంగుల్లో పక్కపక్కన ఉండే జంట బేస్ దొరికితే అదే కొనండి. పరిగెత్తేవాడు నారింజ మీద, ఫీల్డర్ తెలుపు మీద కాలు పెడతారు, ఇద్దరూ గుద్దుకోరు.
- వెనక నెట్, కొలిచే టేపు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఐస్ ఉన్న డబ్బా, మంచినీళ్ళ క్యాన్లు రెండు.
- ఒక నోట్‌బుక్. దీని సంగతి చివర్లో.

1. గ్రౌండ్ సిద్ధం చేయండి

ముందు దిక్కు చూసుకోండి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి రెండో బేస్ వైపు గీసే గీత తూర్పు ఈశాన్యానికి ఉంటే మంచిదని బేస్‌బాల్ రూల్ బుక్ చెబుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం ఆడేవాళ్ళకు అది సరే, ఎండ బ్యాటర్ వీపు మీద పడుతుంది. మనం ఆడేదేమో పొద్దున్న ఆరింటికి. సముద్రం మీంచి లేచే సూర్యుడు తిన్నగా బ్యాటర్ కళ్ళలో కొడతాడు, బంతి కనబడదు. పోనీ పడమటికి తిప్పితే బంతి విసిరే పిచర్‌కి కళ్ళు మూసుకుపోతాయి, వాడి మీదికి వచ్చే బంతి ఇంకా ప్రమాదం. పొద్దున్నా సాయంత్రం రెండు పూటలా ఆడే గ్రౌండ్ అయితే బ్యాటర్ ఉత్తరం వైపు చూసేలా గీయండి. నేను రెండుసార్లు చెరిపి గీశాక తెలుసుకున్నది ఇది.

తరవాత కొలతలు. 12 ఏళ్ళ లోపు వాళ్ళకు బేస్ నుంచి బేస్‌కి 60 అడుగులు. పిచర్ నిలబడే పలక నుంచి హోమ్ ప్లేట్ వెనక మొన దాకా 46 అడుగులు. చదరం సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే హోమ్ నుంచి రెండో బేస్‌కి, మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కి టేపు పట్టండి. రెండూ 84 అడుగుల 10 అంగుళాలకు అటూ ఇటూగా ఉండాలి. అడుగులేసి కొలవకండి. మా దగ్గర ఒకసారి పొడుగాటి అన్న ఒకాయన అడుగులతో కొలిచాడు, చూస్తే పిచర్ నాలుగడుగులు ముందుకొచ్చేశాడు.

ఆట మొదలయ్యే ముందు పిల్లలందరినీ చేతులు చాపుకుని ఒక వరసలో నిలబెట్టి గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించండి. గాజుముక్కలు, రాళ్ళు, పల్లేరు కాయలు ఏరాలి. పదినిమిషాల పని. ఆదివారం పొద్దున్న అయితే ఇంకాస్త శ్రద్ధగా చూడండి, శనివారం రాత్రి గ్రౌండ్‌లో ఎవరు కూర్చున్నారో సీసాలే చెబుతాయి.

వెనక నెట్‌కి ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే నైలాన్ వల పనికొస్తుంది. రెండు జాగ్రత్తలు. బంతి అడ్డంగా ఏడు సెంటీమీటర్లకు పైన ఉంటుంది, వల కన్ను అంతకంటే బాగా చిన్నదిగా ఉండాలి. పాత వల చవగ్గా వస్తుంది కానీ ఉప్పునీళ్ళకు, ఎండకు దారం చీకిపోయి ఉంటుంది. రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి, పుటుక్కుమంటే వద్దు. కట్టేటప్పుడు బిగించి లాగకుండా కొంచెం వదులుగా వేలాడదీయండి, దాని వెనక ఆరడుగుల లోపు ఎవర్నీ కూర్చోబెట్టకండి. వాకింగ్ చేసేవాళ్ళున్న గ్రౌండ్ అయితే వాళ్ళకు ముందే చెప్పండి. మా ఫౌల్ బాల్ (గీతల అవతలికి పోయిన బంతి) ఒకటి ఒక తాతగారి కాళ్ళ దగ్గర పడింది. "రాయిలా ఉందేంటి బాబూ ఇది" అన్నారు చేతిలోకి తీసుకుని. ఇప్పుడు నెట్ కట్టారా అని మాకంటే ముందు ఆయనే అడుగుతారు.

2. క్రికెట్ అలవాట్లు మాన్పించండి

మొదటి రెండు వారాలు దీనికే పోయినా ఫర్వాలేదు.

గ్లౌజు. కుడిచేతి పిల్లాడు గ్లౌజు ఎడమ చేతికి వేసుకోవాలి, విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి. చెప్పకపోతే పదిమందిలో ఆరుగురు కుడిచేతికే తొడుక్కుంటారు. తరవాత వీధి క్రికెట్‌లోలాగా గ్లౌజు వదిలేసి రెండో చెయ్యి ముందుకు పెడతారు, వేళ్ళు వాచేది అప్పుడే. బంతి పట్టేది గ్లౌజు, రెండో చెయ్యి దాని పక్కన మూతలా వచ్చి పడాలి.

బ్యాటు. క్రికెట్‌లో బ్యాటుతో పరిగెడతాం. ఇక్కడ కొట్టగానే కింద వదిలేసి పరిగెత్తాలి. "వదిలెయ్" అంటే వాళ్ళకు "విసిరెయ్" అని వినిపిస్తుంది, బ్యాటు గాల్లో తిరుగుతూ వెళ్ళి క్యాచర్ మోకాలికి తగులుతుంది. హోమ్ ప్లేట్ పక్కన సున్నంతో ఒక చిన్న గుండ్రం గీసి, ప్రాక్టీసులో బ్యాటు అందులోనే పెట్టి పరిగెత్తమనండి. వారంలో అలవాటవుతుంది. మ్యాచ్‌లో బ్యాటు విసిరితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఔట్.

మీదికి వచ్చే బంతి. క్రికెట్‌లో బంతి నేలమీద పడి లేస్తుంది, కాస్త వ్యవధి దొరుకుతుంది. వికెట్ నుంచి వికెట్‌కి 66 అడుగులు కూడా ఉంది. ఇక్కడ 46 అడుగుల నుంచి పడకుండా తిన్నగా వస్తుంది. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే కొంచెం తేలికే. తేలిక కదా అని ధీమా పడకండి. మీదికి వస్తే పిల్లలు సహజంగా వెనక్కి వాలి ఛాతీ పిచర్ వైపు తిప్పుతారు. అది తప్పు. గడ్డం భుజంలోకి దించి, వీపు పిచర్ వైపు ఉండేలా క్యాచర్ వైపు తిరగాలి. వీపు మీద తగిలితే చురుక్కుమంటుంది, ఛాతీ మీద తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. టెన్నిస్ బంతులతో మెల్లగా వేసి పదేసి సార్లు చేయించండి.

క్యాచ్. ఎత్తుకి లేచిన బంతి కిందికి ముగ్గురు పరిగెడతారు. "నాది! నాది! నాది!" అని మూడుసార్లు గట్టిగా అరిచినవాడిదే బంతి, మిగతావాళ్ళు ఆగిపోవాలి. ఇద్దరూ అరిస్తే? వెనక నుంచి ముందుకు వచ్చేవాడిదే, వాడికి బంతి ఎదురుగా కనిపిస్తుంది.

జారడం. పన్నెండేళ్ళ లోపు బేస్ అందుకోవడానికి తల ముందుగా నేలమీద జారనివ్వకండి. వెనక ఉన్న బేస్‌కి తిరిగి వెళ్ళేటప్పుడు తప్ప. టీవీలో డైవులు చూసి వచ్చినవాడు మొదటిరోజే దూకుతాడు, ముందే చెప్పి ఉంచండి. అలాగే చేతిలో బంతి లేని ఫీల్డర్ బేస్‌కి అడ్డంగా నిలబడకూడదు.

ఎలా పరీక్షించాలి: ప్రాక్టీసు మధ్యలో చెప్పాపెట్టకుండా "బాల్!" అని అరవండి. రెండు చేతులతో తల కప్పుకుని వంగినవాళ్ళు పాసైనట్టు. ఏటి సార్ అంటూ పైకి చూసినవాళ్ళను లెక్కపెట్టుకోండి. మొదటిసారి దాదాపు అందరూ పైకే చూస్తారు.

3. విసరడం, ఊపడం: ఎవరు ఎక్కడ

దెబ్బలు వార్మప్‌లో కూడా తగులుతాయి. జంటలుగా విసురుకునేటప్పుడు అందరూ ఒకే దిశలో, రెండు సమాంతర వరసల్లో ఉండాలి. అవతలివాడు కళ్ళలోకి చూస్తేనే విసరాలి. బంతి దాటిపోతే అందరూ ఆగాకే వెళ్ళి తెచ్చుకోవాలి.

చేతిలో బ్యాటు ఉండేది ఒక్కడికే, ప్లేట్ దగ్గర నిలబడినవాడికి. "తరవాత నేనే కదా సార్" అంటూ పక్కన నిలబడి బ్యాటు ఊపడం 12 ఏళ్ళ లోపు వాళ్ళకు లిటిల్ లీగ్‌లో (అమెరికాలో పుట్టిన పిల్లల బేస్‌బాల్ సంస్థ) కూడా ఒప్పుకోరు. పిచర్‌ని వార్మప్ చేయించే పిల్లాడికి కూడా మాస్క్ ఉండాలి, అది ఐదు బంతులకైనా సరే.

4. బంతులు లెక్కపెట్టండి

1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైన లిటిల్ లీగ్ పిచర్లకు రోజుకి ఇన్ని బంతులే అని హద్దు పెట్టింది. నేనూ అదే వాడతాను.

- 7–8 ఏళ్ళు: 50
- 9–10 ఏళ్ళు: 75
- 11–12 ఏళ్ళు: 85
- 13–16 ఏళ్ళు: 95

14 ఏళ్ళ దాకా వాళ్ళకు విశ్రాంతి ఇలా: 20 బంతుల దాకా అక్కర్లేదు, 21 నుంచి 35 అయితే ఒక రోజు, 36 నుంచి 50 అయితే రెండు, 51 నుంచి 65 అయితే మూడు, 66, ఆపైన అయితే నాలుగు రోజులు. 41 బంతులు, ఆపైన వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా కూర్చోకూడదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. శనివారం క్రికెట్ అకాడమీలో పది ఓవర్లు వేసి, ఆదివారం మన దగ్గరికి వస్తాడు. అడగకపోతే చెప్పడు. "నిన్న ఏం ఆడావురా?" అని రాగానే అడగండి. మోచెయ్యి లోపలివైపు నొప్పి అంటే ఆ రోజుకి విసరడం బంద్. పెరిగే వయసులో ఎముక చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, పెయిన్ బామ్ రాసి ఆడించే నొప్పి కాదది. కర్వ్ బాల్ (గాల్లో వంపు తిరిగే బంతి) లాంటివి 13, 14 ఏళ్ళు వచ్చేదాకా నేర్పకండి, వీడియోలు చూసి వాడే మొదలుపెట్టినా ఆపండి.

5. ఎండ, ఉక్క, పిడుగు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది, లేదా సాయంత్రం నాలుగున్నర తరవాతే. ఫోన్‌లో 34 డిగ్రీలే అని చూసి మోసపోకండి. సముద్రపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఇరవై నిమిషాలకోసారి, దాహం వేసినా వేయకపోయినా అందరూ నీళ్ళు తాగాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి. ఎనర్జీ డ్రింకులు తేవద్దని చెప్పండి. క్యాచర్‌ని రెండు ఇన్నింగ్స్‌కోసారి మార్చండి, ఆ సామానులో వాడు ఉడికిపోతాడు.

పిల్లాడు తూలుతూ, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతుంటే వడదెబ్బే అనుకోండి. ముందు నీళ్ళు పోసి, ఐస్ పెట్టి ఒళ్ళు చల్లబరచండి, అదే చేస్తూ 108కి ఫోన్ చేయండి. చల్లబరచకుండా బండెక్కించి పరిగెత్తడం అందరూ చేసే తప్పు.

ఉరుము వినిపిస్తే ఆట ఆపాలి. ఆఖరి ఉరుము తరవాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకోటి వినబడితే లెక్క మళ్ళీ మొదటికే. చెట్టు కింద, రేకుల షెడ్ కింద నిలబెట్టకండి. పక్కా భవనంలోకి, లేదా అద్దాలు ఎత్తిన కార్లలోకి పంపండి. "రెండు ఔట్లే ఉన్నాయి సార్" అని బతిమాలతారు. వద్దు.

6. ఏదైనా జరిగితే

సీజన్ మొదలయ్యే ముందే కాగితం మీద రాసుకోండి: 108కి ఎవరు ఫోన్ చేస్తారు, ఏ గేటు దగ్గర ఎవరు నిలబడతారు, పిల్లాడి దగ్గర ఎవరు ఉంటారు. దగ్గరి ఆసుపత్రి ఏది, ఆదివారం పూట అక్కడ డాక్టరు ఉంటారా, ఇది కూడా. మేం ఒకసారి ఊరికే రిహార్సల్ చేశాం. ఫోన్, ఫస్ట్ ఎయిడ్, అన్నీ చకచకా అయిపోయాయి. గేటుకి మాత్రం తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. అప్పట్నుంచి ఒక తాళంచెవి నా మెడలోనే ఉంటుంది.

ఛాతీ దెబ్బ: అరుదే కానీ అన్నిటికంటే భయపడాల్సింది. ఒక్కోసారి బంతి పెద్ద జోరుగా రాకపోయినా, గుండె కొట్టుకునే లయలో సరిగ్గా ఒక క్షణంలో తగిలితే గుండె లయ తప్పుతుంది. దీన్ని కమోషియో కార్డిస్ అంటారు. పిల్లాడు రెండడుగులు వేసి కూలిపోతాడు. మామూలు ఛాతీ ప్యాడ్ దీన్ని పూర్తిగా ఆపదు. మొహాన నీళ్ళు కొట్టడం, లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్ళు పోయడం ఏవీ చేయకండి. పలకడం లేదు, ఊపిరి సరిగ్గా లేదు అంటే వెంటనే సీపీఆర్: ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు ఐదు సెంటీమీటర్లు లోపలికి నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం చుట్టుపక్కల ఏ భవనంలోనైనా ఉందేమో ముందే వాకబు చేసి ఉంచండి, ఈ దెబ్బకు నిమిషాలే లెక్క. లీగ్‌లో కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు సీపీఆర్ నేర్చుకుని ఉండాలి. ఇది లేకుండా లీగ్ మొదలుపెట్టకండి అని నా మాట.

తల దెబ్బ: తల తిరుగుతోంది, తలనొప్పి, ఏదో మసగ్గా ఉంది అంటే ఆ రోజు మళ్ళీ ఆట లేదు. డాక్టర్ సరే అన్నాకే రావాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, విపరీతమైన మత్తు ఉంటే వెంటనే ఆసుపత్రి.

ఊడిన పన్ను: పట్టుకునేది పైభాగం, వేరు కాదు. చల్లటి పాలలో వేసి అరగంటలో డెంటిస్ట్ దగ్గరికి.

7. గొడవలు రాకుండా

దీన్ని నేను మంచి బుద్ధుల పాఠంలా చూడను, ఇది కూడా సేఫ్టీలో భాగమే. మా దగ్గర ఒక పాప మొదటి బేస్‌కి పరిగెడుతోంది. కోచ్ "పరిగెత్తు" అంటున్నాడు, పక్కనుంచి వాళ్ళమ్మ "ఆగవే!" అని అరిచింది. పాప వెనక్కి తిరిగి అమ్మను చూస్తూ వెళ్ళి బేస్ దగ్గరున్న అబ్బాయిని గుద్దేసింది. ఇద్దరికీ ముక్కుల్లో రక్తం. కాబట్టి తల్లిదండ్రులు కూర్చునే చోటు వేరు, అది నెట్ వెనక కాదు, గీతల అవతల దూరంగా. చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలిచి సలహాలివ్వకూడదు. మొదటి రోజే ఈ మాట కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.

అంపైర్ ఎక్కువగా ఇంటర్ చదివే కుర్రాడే అయి ఉంటాడు. వాడితో మాట్లాడేది కోచ్ ఒక్కడే, అదీ నియమం గురించి. వేసిన బంతి స్ట్రైకా (సరైన చోటికి వచ్చిందా) బాలా (బయటికి పోయిందా) అన్నది వాడి కంటికి కనబడినదే. వీధి క్రికెట్‌లో బ్యాటింగ్ టీమువాడే అంపైర్ కాబట్టి మనకు వాదన అలవాటు. పదేపదే అరిచే నాన్నగారు ఒకరుంటారు ప్రతి టీముకీ. పోట్లాడకండి. తరవాతి ప్రాక్టీసు మ్యాచ్‌లో ఆయన్నే ఒక ఇన్నింగ్స్ ప్లేట్ వెనక నిలబెట్టండి. మళ్ళీ నోరెత్తిన ఆయన్ని నేను ఇంతవరకు చూడలేదు.

మ్యాచ్ గురించిన ఫిర్యాదు ఏదైనా మర్నాడు సాయంత్రమే. ఆదివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో అస్సలు వద్దు, గ్రూపుని ఆ పూట అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి.

పిల్లలకు నియమాలు తక్కువ పెట్టండి. మన టీముని ఎంతైనా ఉత్సాహపరచొచ్చు, ఎదుటివాడి పేరెత్తకూడదు. కోపంతో హెల్మెట్ విసిరితే ఒక ఇన్నింగ్స్ బెంచ్, వాడు మీ బెస్ట్ పిచర్ అయినా సరే. మినహాయింపు ఒక్కసారి ఇచ్చారా, ఇక నియమం లేనట్టే. బంతి బ్యాటర్‌కి తగిలితే పిచర్ వెళ్ళి "తగిలిందా?" అని అడగాలి. ఇది బలవంతంగా మొదలుపెట్టించాల్సిందే, తరవాత వాళ్ళే వెళ్తారు. ఎవరైనా పడిపోతే మిగతా అందరూ ఉన్నచోటే కూర్చోవాలి.

స్కోరు వల్ల కూడా గొడవలొస్తాయి. చిన్న పిల్లలకు ఒక ఇన్నింగ్స్‌లో ఒక టీముకి ఐదు రన్లతో ఆపేయండి. నాలుగు ఇన్నింగ్స్ తరవాత పది రన్ల తేడా ఉంటే మ్యాచ్ ముగించి, మిగతా సమయం టీములు కలిపి ఆడించండి. వచ్చిన ప్రతి పిల్లా ఒక్కసారైనా బ్యాటింగ్ చేయాలి, కనీసం ఆరు ఔట్ల పాటు ఫీల్డింగ్ చేయాలి.

పెద్దవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఏ పిల్లతోనూ ఒక్క కోచే ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు. కొత్త వాలంటీర్ అంటే పోలీస్ వెరిఫికేషన్ అడగండి, తెలిసినవాళ్ళ తమ్ముడైనా. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ పిల్లలకు కూడా తెలియాలి.

8. సరిగ్గా నడుస్తోందా? నోట్‌బుక్ చూడండి

ప్రతి దెబ్బ, తగలబోయి తప్పినది కూడా, రాయండి: తేదీ, సమయం, గ్రౌండ్‌లో ఎక్కడ, ఏం చేస్తుండగా. గొడవలు కూడా. పేర్లు అక్కర్లేదు. నాలుగు వారాలకోసారి కూర్చుని చదవండి. మేం ఒక నవంబరులో చూస్తే మూడు దెబ్బలూ ఐదుంబావు తరవాతవే. నెలాఖరుకి ఇక్కడ ఐదున్నర కాకముందే సూర్యుడు దిగిపోతాడు, ఆ వెలుగులో తెల్ల బంతి కనబడదు. కోచింగ్ మార్చలేదు, ఆటని అరగంట ముందుకు జరిపాం, అంతే.

రెండు నెలలు గడిచినా నోట్‌బుక్ ఖాళీగా ఉంటే సంతోషపడకండి. ఎవరూ రాయడం లేదని అర్థం. పెన్ను దారంతో దానికే కట్టి ఉంచండి, లేకపోతే స్కోరర్ పట్టుకుపోతాడు.